కాశిమేడు రేవు లెక్క పార్లమెంటులో అడిగించడం ఎలా

మా బాబాయ్‌కి చెన్నైలోని కాశిమేడు చేపల రేవులో ఐసు కొట్టు ఉంది. బోట్లలో పనికి శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎక్కువగా అక్కడే కూర్చుంటారు, మన భాష వినపడుతుందని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. అప్పుడు మరబోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడిపోతాయి, ఐసు కొనే నాథుడుండడు. అలాంటి ఒక సాయంత్రం బాబాయ్ జెట్టీ అంచున పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డ చోటు చూపించి, "ఏరా, బడ్జెట్టులో మన హార్బర్ పేరు చదివిరంట గదా. ఆ దుడ్డు ఏడ దిగింది?" అని అడిగాడు.

ఆయన చెప్పింది నిజమే. 2021 బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్ ఐదు పెద్ద చేపల రేవుల పేర్లు చదివారు: కొచ్చి, చెన్నై, విశాఖపట్నం, పారాదీప్, పేటువాఘాట్. ఆ డబ్బు ఎక్కడ దిగిందో మాత్రం అప్పుడు నాకు తెలీదు. తెలుసుకోవడానికి ఎంపీ చేత పార్లమెంటులో ప్రశ్న అడిగించే దారి ఉందని, అది మనలాంటి మామూలు వాళ్లకీ అందుతుందని తర్వాత అర్థమైంది. రెండుసార్లు బోర్లా పడి నేర్చుకున్నాను కాబట్టి, మీరు పడకుండా రాస్తున్నాను. మీది కాశిమేడు కాకపోయినా ఫర్వాలేదు. మీ వీధి చివర ఆగిపోయిన వంతెనకైనా పద్ధతి ఇదే.

మొదటి పని: డబ్బు ఎవరి జేబులోదో తేల్చుకోండి

సగం ప్రశ్నలు ఇక్కడే చస్తాయి. "ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టింది" అంటే, ఏ ప్రభుత్వం, ఏ శాఖ, ఏ ఖాతా అన్నది మీరే చెప్పాలి. చెప్పకపోతే ఒక మంత్రి ఇంకో మంత్రి వైపు వేలు చూపిస్తాడు, అది అబద్ధం కూడా కాదు.

చెన్నై తీరాన్నే తీసుకోండి. ఆ ఒక్క తీరం వెంబడే ఎన్ని జేబులున్నాయో చూడండి. రాజాజీ సాలై మీదున్న చెన్నై పోర్టు కేంద్రం కింద ఉన్న మేజర్ పోర్టు. పోర్టుల, నౌకాయాన, జలమార్గాల శాఖ దాన్ని చూస్తుంది. ఎన్నూర్‌లోని కామరాజర్ పోర్టు కూడా కేంద్రం చేతిలోదే, కానీ అది కంపెనీ. ఆ పక్కనే ఉన్న కాట్టుపల్లి ప్రైవేటు రేవు. మేజర్ పోర్టు కాదు కాబట్టి రాష్ట్రం పరిధిలోకి వస్తుంది. కాశిమేడు చేపల రేవేమో చెన్నై పోర్టును ఆనుకునే ఉంది. దాన్ని బాగుచేసే పనికి పోర్టుల శాఖ సాగరమాల పథకం నుంచి కొంత, మత్స్యశాఖ ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన నుంచి కొంత వేస్తున్నాయి. అంటే ఒకే జెట్టీకి రెండు జేబులు. ఒక శాఖనే అడిగితే సగం లెక్కే వస్తుంది, మిగతా సగం ఉందన్న సంగతే మీకు తెలియదు.

తిరువొత్తియూర్ కుప్పంలో కట్టిన కొత్త చేపల రేవుది ఇంకో కథ. దానికి ఎఫ్‌ఐడీఎఫ్ (చేపల పరిశ్రమ, ఆక్వాకల్చర్ మౌలిక వసతుల అభివృద్ధి నిధి) ఆసరా. 2018-19లో 7,522.48 కోట్లతో పెట్టిన ఈ నిధి ప్రధానంగా అప్పు. రాష్ట్రం అప్పు తీసుకుంటుంది, కేంద్రం ఏడాదికి 3 శాతం దాకా వడ్డీ భరిస్తుంది. కాబట్టి ఎవరైనా మైకు పట్టుకుని "ఈ రేవుకు కేంద్రం ఇన్ని కోట్లిచ్చింది" అంటే, ఇచ్చింది గ్రాంటా, అప్పా, వడ్డీలో రాయితీయా అని అడగాలి. మూడూ ఒకటి కాదు. మనింట్లో పెళ్లికి బాబాయ్ చదివించిన కట్నం, ఆయన ఇచ్చిన చేబదులు ఒకే పద్దులో రాసుకోం కదా.

రాయపురం నుంచి ఎన్నూర్ దాకా సముద్రం కోసేయకుండా అడ్డంగా వేసిన బండరాళ్ల కట్టలది రాష్ట్ర ఖర్చు. ఇదివరకు ప్రజాపనుల శాఖ, 2021 నుంచి విడిగా జలవనరుల శాఖ. అది పార్లమెంటులో అడిగే సరుకు కాదు, సెయింట్ జార్జ్ కోటలోని తమిళనాడు అసెంబ్లీలో ఎమ్మెల్యే చేత అడిగించాలి.

ఇంకొక్క చిక్కు. ఇది తెలియక చాలామంది బడ్జెట్ పుస్తకాలు తిరగేసి "రేవుకు రూపాయి కూడా ఇవ్వలేదు" అని రాసేస్తారు. మేజర్ పోర్టులకు సొంత ఆదాయం ఉంది. ఓడల నుంచి, సరుకు నుంచి, స్థలాల అద్దెల నుంచి వచ్చే ఆ డబ్బుతో పోర్టు చేసిన పనులు కేంద్ర బడ్జెట్ పద్దులో గ్రాంటుగా కనిపించవు. అందుకే ఏ రేవు గురించి అడిగినా "బడ్జెట్ నుంచి ఎంత, పోర్టు సొంత నిధుల నుంచి ఎంత, విడివిడిగా" అన్న ముక్క తప్పక చేర్చండి.

రెండో పని: పాత జవాబులు వెతకండి

నేను మొదటిసారి బోర్లా పడింది ఇక్కడే. ఎంతో కష్టపడి రాసిచ్చిన ప్రశ్న ముందు సమావేశాల్లోనే ఎవరో అడిగేశారు, జవాబు కూడా వచ్చేసింది. ఒకసారి జవాబిచ్చిన ప్రశ్ననే మళ్లీ అడిగితే ఒప్పుకోరు. అందరికీ దొరికే పత్రాల్లో ఉన్న సమాచారం అడిగినా అంతే.

సన్సద్ డాట్ ఇన్ అనే పార్లమెంటు వెబ్‌సైట్ తెరవండి. లోక్‌సభ, రాజ్యసభ విభాగాలు వేరువేరు, రెండిట్లోనూ వెతకాలి. ప్రశ్నల పేజీలో సభ్యుడి పేరుతో, శాఖ పేరుతో, విషయంతో గాలించవచ్చు. ఇంగ్లిష్‌లో కొట్టాలి, స్పెల్లింగుతో పెద్ద తలనొప్పి. కాశిమేడు అని ఒకరు రాస్తే రాయపురం అని ఇంకొకరు, చెన్నై ఫిషింగ్ హార్బర్ అని మరొకరు రాస్తారు. తిరువొత్తియూర్‌నైతే ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ రాశారు. అందుకని ఊరి పేరు వదిలేసి, ముందు శాఖను ఎంచుకుని, ఫిషింగ్ హార్బర్ అని మాత్రం కొట్టి చూడండి. కేరళ ఎంపీయో ఒడిశా ఎంపీయో అడిగిన ప్రశ్నకు అనుబంధంగా వేసిన రాష్ట్రాలవారీ పట్టికలో మన చెన్నై వరుస దొరుకుతుంది. అసలు మాల్ ఎప్పుడూ అనుబంధాల్లోనే ఉంటుంది, పై పేరా వట్టి పలకరింపు.

వెతికినప్పుడు ఒక తెల్ల కాగితం మీద మూడు గళ్లు గీసుకోండి: మంజూరు, విడుదల, ఖర్చు. దొరికిన ప్రతి అంకెనూ తేదీతో సహా ఆ గళ్లలో వేయండి. ఏ గడి ఖాళీగా మిగిలిందో అదే మీ ప్రశ్న.

బడ్జెట్ పత్రాల్లో సరిచూసుకోవాలంటే పద్దు నంబర్లు గుర్తుంచుకుంటే చాలు. చేపల పరిశ్రమ మీద పెట్టుబడి ఖర్చు 4405, పోర్టులు, లైట్‌హౌసుల మీద 5051, ప్రజాపనుల మీద 4059, రోడ్లు, వంతెనల మీద 5054. ఈ నంబర్లు కేంద్రానికీ రాష్ట్రానికీ ఒకటే. అక్కడ ఒక్కో పద్దుకి మూడు రకాల అంకెలుంటాయి. ఫిబ్రవరిలో వేసిన అంచనా, మరుసటి ఏడు సవరించిన అంచనా, ఆ తర్వాత ఏడు కనిపించే అసలు ఖర్చు. పేపర్లలో పెద్దక్షరాల్లో వచ్చేది మొదటిది. మనకి కావాల్సింది మూడోది.

మూడో పని: ప్రశ్న రాయండి

నేను మొట్టమొదట రాసిన ప్రశ్న ఇది, సిగ్గుపడుతూనే చూపిస్తున్నాను: "కాశిమేడు రేవును ఇంత అధ్వాన్నంగా వదిలేసిన నిర్లక్ష్యంపై ప్రభుత్వం ఏవైనా చర్యలు తీసుకుంటోందా?"

ఇందులో రెండు తప్పులున్నాయి. లోక్‌సభ నియమాల ప్రకారం ప్రశ్నలో వాదన, ఎత్తిపొడుపు, ఆరోపణ, మన తీర్మానం ఉండకూడదు. "అధ్వాన్నంగా", "నిర్లక్ష్యం" అన్న రెండు మాటలకే ఇది బుట్టలో పడుతుంది. రెండో తప్పు అంతకన్నా పెద్దది. ఒకవేళ బుట్టలో పడకుండా సభకు వెళ్లినా, "తీసుకుంటోందా" అని అడిగితే "అవునండీ, తీసుకుంటోంది" అంటారు. అయిపోయింది. ఆరు నెలల ఎదురుచూపు ఆ ఒక్క ముక్కకి.

ప్రశ్న మామూలుగా 150 పదాలు దాటకూడదు. ఆ లోపలే నాలుగైదు భాగాలు చేసుకోవచ్చు. ఇప్పుడైతే ఇలా రాస్తాను:

"మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమల శాఖ మంత్రి దయచేసి తెలియజేస్తారా:

(ఎ) 2021-22 బడ్జెట్‌లో ప్రకటించిన ఐదు చేపల రేవుల్లో చెన్నై రేవుకు మంజూరైన మొత్తం ఎంత; అందులో మత్స్య సంపద యోజన, సాగరమాల, చెన్నై పోర్టు సొంత నిధుల వాటా విడివిడిగా ఎంత;

(బి) ఆర్థిక సంవత్సరాల వారీగా విడుదలైన మొత్తం, ఖర్చయిన మొత్తం, వినియోగ పత్రాలు అందిన మొత్తం ఎంత;

(సి) చేపట్టిన పనులేవి, ఒక్కో పనికి అంచనా విలువ, కాంట్రాక్టు విలువ, మొదట అనుకున్న పూర్తి తేదీ, సవరించిన తేదీ ఏవి, మరియు

(డి) తేదీ సవరించి ఉంటే ఒక్కో పనికి కారణం ఏమిటి?"

కోపం ఒక్క అక్షరంలోనూ లేదు. అవును, కాదు అని చెప్పి తప్పించుకునే సందు కూడా లేదు. "వినియోగ పత్రాలు" అన్నది చిన్న మాటే, కానీ పదునంతా దానిదే. కేంద్రం ఇచ్చిన డబ్బు ఫలానా పనికే వాడామని తీసుకున్నవాళ్లు రాసిచ్చే కాగితం అది. విడుదలైన డబ్బుకీ, పత్రం వచ్చిన డబ్బుకీ మధ్య తేడా ఉంటే అక్కడ పని నత్తనడక నడుస్తోందనో, లెక్క ఇంకా తేలలేదనో అర్థం. తేడా కనపడగానే "తినేశారు" అని మాత్రం అరవకండి. వానాకాలంలో డ్రెడ్జింగ్ (నీటి అడుగున పూడిక తీత) ఆగిపోయినా ఆ తేడా వస్తుంది.

"మరియు" అన్న మాట మనం ఇంట్లో వాడం, సభ ప్రశ్నల్లో మాత్రం చివరి భాగానికి ముందు అదొక ఆచారం. ఇచ్చేటప్పుడు ఇంగ్లిష్‌లో టైపు చేసివ్వండి, ఎంపీ ఆఫీసువాళ్ల పని తేలికవుతుంది. ఇదే ప్రశ్నను పైన శాఖ పేరు మార్చి పోర్టుల శాఖ మంత్రికి వేరే సభలో అడిగించగలిగితే ఇంకా మంచిది. రెండు శాఖల అంకెలు పక్కపక్కన పెట్టి చూడటంలో ఉన్న మజా చెప్పలేను.

కోర్టులో నడుస్తున్న విషయం, "అలా అయితే ఏం చేస్తారు" అన్న ఊహ, మంత్రి సొంత అభిప్రాయం, ఇవేవీ అడగకూడదు. రాష్ట్రానికి చెందిన సంగతి అడిగితే తిప్పి పంపుతారు.

నాలుగో పని: ఎంపీని పట్టుకోండి

కాశిమేడు చెన్నై నార్త్ లోక్‌సభ స్థానంలో ఉంది. పోర్టు ప్రధాన కార్యాలయం ఉన్న హార్బర్ అసెంబ్లీ నియోజకవర్గం చెన్నై సెంట్రల్‌లోకి వస్తుంది. కానీ తన నియోజకవర్గం గురించే అడగాలని ఎంపీకి నియమం లేదు. తమిళనాడుకి 39 మంది లోక్‌సభ సభ్యులు, 18 మంది రాజ్యసభ సభ్యులు. ఆంధ్రప్రదేశ్‌కి 25 మంది, 11 మంది. బోట్ల మీద బతికేవాళ్లలో శ్రీకాకుళం వాళ్లున్నారు కాబట్టి అక్కడి ఎంపీకి కూడా ఈ రేవు సంగతి పరాయిది కాదు. మన చెన్నై తెలుగువాళ్లకి ఈ సౌకర్యం ఉంది, రెండు తలుపులు తట్టొచ్చు. వాడుకునేవాళ్లే తక్కువ.

ఎంపీని నేరుగా కలవాలని పట్టుబట్టకండి. ప్రశ్నలు చూసేది ఆయన సహాయకుడు. నేను మొదటిసారి ఆరు పేజీల అర్జీ, పన్నెండు ఫొటోలు పట్టుకెళ్లాను. ఒక ఎంపీ గారి ఆఫీసులో ఆ కుర్రాడు, నెల్లూరు యాసే, కాగితాలు అటూ ఇటూ తిప్పి, "సార్, ఇది అర్జీ సార్. నాకు కావాల్సింది ప్రశ్న. అర పేజీలో ఇవ్వండి, శాఖ పేరు పైన రాయండి, పాత జవాబుల నంబర్లు కింద రాయండి" అన్నాడు. మూడు నెలలు పుస్తకాలు చదివినా రానంత తెలివి ఆ మూడు వాక్యాల్లో వచ్చింది. ఫొటోలు తిరిగి ఇచ్చేశాడు. పుచ్చుకున్నాను.

డబ్బు మాట ఎవరెత్తినా, మీరైనా మధ్యవాళ్లైనా, అక్కడితో లేచి వచ్చేయండి. ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకున్నందుకు 2005 డిసెంబరులో 11 మంది ఎంపీల సభ్యత్వం పోయింది. పది మంది లోక్‌సభ, ఒకరు రాజ్యసభ.

అన్నట్టు, మీ ప్రశ్న ఎంపీ పేరు మీద వస్తుంది. మీ పేరు ఎక్కడా ఉండదు. దాని గురించి బాధపడేవాళ్లు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది.

ఐదో పని: తేదీ చూసుకోండి

మామూలుగా ఏడాదికి మూడు సమావేశాలు: బడ్జెట్, వర్షాకాలం, శీతాకాలం. ప్రశ్నకు కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. శాఖలన్నిటినీ ఐదు గుంపులు చేసి, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కో గుంపుకి ఒక్కో రోజు ఇస్తారు. మీ శాఖ రోజు ఏదో, దానికి నోటీసు ఆఖరు తేదీ ఎప్పుడో సమావేశాల ముందు ప్రకటిస్తారు. మీ అర పేజీ అంతకు పది రోజుల ముందే ఎంపీ ఆఫీసులో ఉండాలి. వచ్చిన నోటీసులకు లాటరీ తీస్తారు, కాబట్టి పేరు రాకపోతే ఎంపీని తిట్టుకోకండి.

నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నలు లోక్‌సభలో రోజుకు 20, రాజ్యసభలో 15. మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనివి లోక్‌సభలో 230, రాజ్యసభలో 160. వాటికి రాతపూర్వక జవాబు వస్తుంది. అందరూ నక్షత్రం కోసం ఎగబడతారు, టీవీలో కనిపిస్తుందని. లెక్కలు అడిగేవాడికి మాత్రం నక్షత్రం లేనిదే ముద్దు అంటాను. 20 ఉన్నా సభలో నోటితో జవాబు దొరికేవి కొన్నే. గొడవలో సభ వాయిదా పడితే అవీ కాగితాల మీదే ముగుస్తాయి. పట్టికలు ఎలాగూ నోటితో చదవరు. చట్టసభల్లో ప్రశ్న అడిగే హక్కు మనవాళ్లకి 1892 చట్టంతో వచ్చింది, అనుబంధ ప్రశ్న వేసే హక్కు 1909లో.  అప్పటి నుంచీ మంత్రిని ఇరికించేది అనుబంధ ప్రశ్నే, ఒప్పుకుంటాను. కానీ దానికి ముందు అంకెలు చేతిలో ఉండాలి, అవి రాత జవాబులోంచే రావాలి.

ఆరో పని: జవాబు చదవడం నేర్చుకోండి

జవాబు అదే రోజు వెబ్‌సైట్లో పడుతుంది. ముందు చూడాల్సింది ఎడమ అంచు. "(ఎ) నుంచి (డి)" అని నాలుగు భాగాలూ కలిపి ఒకే పేరా రాశారంటే ఏదో ఒకటి మింగేశారని అనుమానించండి. మీ ప్రశ్న పక్కన పెట్టుకుని, ఏ ముక్కకి జవాబు వచ్చిందో దానికి టిక్కు పెట్టుకుంటూ పొండి. మా ప్రశ్నలో అయితే (సి)లోని "సవరించిన తేదీ" మాయమైంది. పేరా మాత్రం నిండుగా, పథకం గొప్పతనంతో ఉంది.

కొన్ని మాటలకు అసలర్థాలు తెలిసి ఉండాలి. "ఉత్పన్నం కాదు" అంటే పై భాగానికి కాదన్నాం కాబట్టి కింది భాగానికి జవాబు అక్కర్లేదని. మీ మొదటి భాగం అవును కాదు రకంగా రాసినందుకు పడే శిక్ష ఇది. "నిరంతర ప్రక్రియ" అంటే తేదీ చెప్పం అని. "పరిశీలనలో ఉంది" అంటే ఫైలు కదల్లేదని కాదు, కదిలిందని కూడా కాదు. "సూత్రప్రాయంగా ఆమోదించాం" అంటే డబ్బు ఇంకా లేదని. "అంచనా వ్యయం ఇన్ని కోట్లు" అన్నది ఖర్చు కాదు, దాన్ని ఖర్చు గడిలో వేయకండి. భౌతిక ప్రగతి ఇంత శాతం అంటే పని ఎంతయిందని, ఆర్థిక ప్రగతి అంటే డబ్బు ఎంత పోయిందని. రెండో అంకె మొదటిదాన్ని బాగా మించితే మళ్లీ అడగాల్సిన చోటు దొరికినట్టే.

అంచనా మీద ఒక మాట. చెన్నై పోర్టు నుంచి మధురవాయల్ దాకా ఎత్తు రోడ్డు తెలుసు కదా. 2009 జనవరిలో మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. కూవం నదిలో స్తంభాలు లేస్తున్నాయని 2012లో రాష్ట్రం ఆపించింది. ఏళ్ల తరబడి ఆ స్తంభాలు అలాగే నిలబడ్డాయి, వాటి మీద పోస్టర్లు అంటించుకున్నారు. మళ్లీ 2022 మే 26న నరేంద్ర మోదీ రెండంతస్తుల డిజైనుతో దాదాపు 20 కిలోమీటర్ల రోడ్డుకి పునాది వేశారు. అంచనా 5,800 కోట్లు దాటింది. దీని గురించి అడిగేటప్పుడు ఏ సంవత్సరం అంచనా అని రాయకపోతే మీకు వచ్చే అంకెకు అర్థమే ఉండదు. ఆపేసిన పాత పని మీద అప్పటికే ఎంత పోయిందన్నది వేరే భాగంగా అడగాలి. ఇది రోడ్డు రవాణా, రహదారుల శాఖకి వెళ్లాల్సిన ప్రశ్న, పోర్టుల శాఖకి కాదు, పేరులో పోర్టు ఉన్నా సరే.

ఇక అన్నిటికన్నా తియ్యటి తప్పించుకోలు: "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం." ఇది చూసి నిరుత్సాహపడకండి. నిజానికి ఇది మీ చేతికి చిక్కిన ప్రామిసరీ నోటు. సభలో ఈ మాట అంటే అది హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని రాసుకుంటుంది, మూడు నెలల్లో తీర్చాలి. తీరకపోతే గడువు పెంచమని ఆ కమిటీనే అడుక్కోవాలి. కాబట్టి ప్రశ్న నంబరు, తేదీ క్యాలెండర్ మీద రాసుకుని, మూడు నెలలు నిండగానే అదే ఎంపీ ఆఫీసుకు ఫోన్ చేయండి.

మింగేసిన ముక్కకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కేంద్ర శాఖలకి ఆన్‌లైన్లో పది రూపాయలు కడితే సరిపోతుంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే మొదటి అప్పీలు అదే శాఖలోని పై అధికారికి. దరఖాస్తులో "ఫలానా తేదీన ఫలానా నంబరు ప్రశ్నకు ఇచ్చిన జవాబు తయారీకి వాడిన ఫైలు కాగితాల నకళ్లు" అని అడగండి. మామూలుగా లెక్క అడిగిన దానికన్నా ఇది పదిరెట్లు పనిచేస్తుంది, ఎందుకంటే జవాబు రాయడానికి ఎవరో ఒకరు కింది ఆఫీసు నుంచి అంకెలు తెప్పించుకునే ఉంటారు. నాకు ఆ "సవరించిన తేదీ" అలాగే దొరికింది.

ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఒకసారి రేవుకి వెళ్లండి. పని జరిగే చోట బోర్డు ఉంటే ఫొటో తీయండి, పని పేరు, విలువ, కాంట్రాక్టర్, మొదలుపెట్టిన తేదీ కనపడేలా. పట్టికలో ఉన్న ప్రతి పనీ నేల మీద ఎక్కడుందో వెతకండి. మీకు కనిపించకపోతే బోటు యజమానులని అడగండి, ఏ గోడ ఎప్పుడు లేచిందో వాళ్లకి నెలతో సహా తెలుసు. మామూలు రోజుల్లో తెల్లవారుజామున వాళ్లు మీ మొహం కూడా చూడరు. వేట నిషేధం రోజుల్లో వెళ్తే తీరిగ్గా దొరుకుతారు. టీ డబ్బులు మాత్రం మీరే ఇవ్వండి.